గేట్లు ఎన్ని గంటలకు ఎత్తుతారు?

ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో మా బీర్కూర్ నుంచి ఒక బస్సు తెల్లవారుజామున మూడు గంటలకు బయల్దేరుతుంది. రాత్రంతా నిద్రపోని పిల్లలు సరిగ్గా బస్సు కదిలాక నిద్రలోకి జారుకుంటారు. బాన్సువాడ దగ్గర నిజాంసాగర్ కాలువ వస్తుంది, పోతుంది. ఎల్లారెడ్డి దాటాక పోచారం ప్రాజెక్టు వస్తుంది, పోతుంది. మెదక్‌లో చర్చి గోపురం వస్తుంది, అదీ పోతుంది. అన్నీ చీకట్లోనే. హైదరాబాదును ఈ కొస నుంచి ఆ కొసకు దాటి, పొద్దెక్కాక, ఒక థీమ్ పార్కు రంగురంగుల గేటు ముందు బస్సు ఆగుతుంది. అప్పుడు సార్లు పిల్లల భుజాలు తట్టి "లేవుండ్రి, వచ్చినం" అంటారు.

బడిపంతులుగా ఆ బస్సులో నాలుగుసార్లు పోయాను. నాలుగుసార్లూ ఆ మాట నేనూ అన్నాను. లేపవలసిన చోట్లు మూడు వెనకబడ్డాక లేపామన్న సంగతి రిటైరయ్యాక గానీ నాకు తట్టలేదు. కాబట్టి ఇక్కడ నేను వేస్తున్న నిందల్లో మొదటి వాటా నాదే.

ఇప్పుడు అందరి నోటా నలుగుతున్న మాట ఒకటుంది. సెలవుల్లో పోతే థీమ్ పార్కుకు పోవాలి. ఇంకెక్కడికి పోయినా అది థీమ్ పార్కంత మాయగా ఉండాలి. ఆదివారం అనుబంధాల్లో, టూరు ప్యాకేజీల కరపత్రాల్లో, ఓర్లాండో చూసొచ్చిన వియ్యంకుల కబుర్లలో ఇదే కొలబద్ద. ఫలానా ఊరు "అచ్చం డిస్నీలాగే ఉంది" అంటే అంతకు మించిన మెప్పు లేదు. ఈ మాట మా ఊరికి వచ్చేసరికి రెండు రూపాలెత్తుతుంది. ఒకటి, "మన దగ్గర ఏమున్నది సార్ చూడనీకి?" రెండోది, ఇంకా ప్రమాదకరమైనది: "నిజాంసాగర్ కట్ట కింద ఓ పార్కు పెట్టి, నాలుగు రైడ్లేసి, గాజు వంతెన కడితే జనం ఎగబడి వస్తరు."

రెండూ తప్పే. మొదటిది గుడ్డితనం. రెండోది ఆ గుడ్డితనానికి పెట్టే బడ్జెట్.

ముందు పేర్ల జబ్బు సంగతి చూద్దాం. లంబసింగి ఆంధ్రా కాశ్మీర్. హార్స్‌లీ కొండలు ఆంధ్రా ఊటీ. బొగత జలపాతం తెలంగాణ నయాగరా. సోమశిల మినీ మాల్దీవులు. గండికోట ఇండియా గ్రాండ్ కాన్యన్. మా పాత జిల్లాలోని డిచ్‌పల్లి రామాలయం, అంత చక్కని నల్లరాతి పని, ఇందూరు ఖజురాహో. మా మండలంలోనే తిమ్మాపూర్ గుట్ట మీద వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. 2023 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు వచ్చి బంగారు కిరీటం సమర్పించి పోయారు. ఆ గుడికిప్పుడు తెలంగాణ తిరుమల అని పేరు. స్వామి మీద నాకు భక్తే గానీ ఫిర్యాదు లేదు. తిమ్మాపూర్ అన్న పేరులోనే తిమ్మప్ప ఉన్నాడు కదా, మళ్లీ తిరుమల అని తగిలించడం దేనికన్నదే నా సందేహం. నయాగరా పక్కనున్నవాళ్లు దాన్ని అమెరికా బొగత అని పిలుచుకోవడం ఎవరైనా విన్నారా? అరువు పేరు పెట్టుకున్న చోటు ఎప్పుడూ రెండో స్థానంలోనే నిలబడుతుంది. చూడటానికి వచ్చినవాడు దాన్ని చూడడు, పోల్చుకుంటాడు. పోల్చుకుని, "ఆఁ, ఏముంది, చిన్నదే" అని పోతాడు.

ఇక కొలబద్దగా పెట్టుకున్న ఆ పార్కు సంగతి. 1955 జూలైలో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీలాండ్ నడిబొడ్డున ఒక కోట ఉంటుంది. దానికి ప్రేరణ జర్మనీలోని బవేరియా కొండల మీదున్న నోయిష్వాన్‌స్టైన్ కోట. సరే, అసలు దొరికింది కదా అనుకుంటాం. ఆ అసలును కట్టడం మొదలుపెట్టింది 1869లో. శత్రువులు లేరు, ముట్టడి భయం లేదు. వాగ్నర్ సంగీత నాటకాల పిచ్చి ఉన్న రెండో లుడ్విగ్ రాజు, పాతకాలపు కోట అంటే ఎట్లా ఉండాలో క్రిస్టియన్ యాంక్ అనే రంగస్థల చిత్రకారుడి చేత గీయించుకుని కట్టించాడు. అంటే నాటకం తెరను రాతిలో పోతపోశారన్నమాట. 1886 జూన్‌లో రాజు పోయాడు. రెండు నెలలైనా తిరక్కముందే టికెట్టు పెట్టి జనాన్ని లోపలికి వదిలారు. ఇప్పుడు అక్కడికి పోయినవాళ్లు ఆ కోటను చూసి "అచ్చం డిస్నీలా ఉందే" అంటారట. తెరను చూసి రాయి, రాయిని చూసి పార్కు, పార్కును చూసి మళ్లీ రాయికి మార్కులు. ఈ గొలుసు చివర మన గండికోటనో కౌలాస్ కోటనో కట్టేసి "నువ్వెందుకు అట్లా లేవు?" అని నిలదీస్తున్నాం.

మన భాష ఈ విషయంలో మనకంటే తెలివైనది. ఇంగ్లీషువాడి మ్యాజిక్ అన్న ఒక్క మాటకు మన దగ్గర రెండు మాటలున్నాయి: మాయ, వింత. మాయమాటలు, మాయరోగం, మాయలేడి. ఈ మాటతో ఎవరినైనా మెచ్చుకున్నా అందులో కాస్త అనుమానం కలిసే ఉంటుంది. మాయ నిలబడాలంటే వెనక ఏం జరుగుతోందో కనబడకూడదు. వింత అట్లా కాదు. రెండు తలల దూడ పుట్టిందంటే ఊరంతా దగ్గరికి పోయి, ముట్టుకుని, యజమానిని వంద ప్రశ్నలడిగి వస్తుంది. ఎంత తెలుసుకుంటే అంత పెరిగేది వింత; తెలిసిన మరుక్షణం చచ్చేది మాయ.

థీమ్ పార్కు పూర్తిగా మాయ మీద నడిచే వ్యాపారం. ఇది తిట్టు కాదు, వాళ్లే గర్వంగా చెప్పుకునే సంగతి. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ కింద పనివాళ్ల కోసం సొరంగాలున్నాయి. కౌబాయ్ వేషం వేసినవాడు భవిష్యత్తు నగరం సెట్టు లోంచి నడిచిపోతే చూసేవాళ్ల భ్రమ చెదురుతుందని వాల్ట్ డిస్నీ బాధ. అందుకే చెత్త ఎత్తేవాళ్లు, వేషాలు మార్చుకునేవాళ్లు, వండేవాళ్లు నేల కిందినుంచి తిరుగుతారు. ఎంత గొప్ప ఏర్పాటు! ఎంత కచ్చితంగా మన యాత్రకు పనికిరాని ఏర్పాటు! పిల్లవాడు ఊరు దాటి పోయేది లోకం ఎట్లా నడుస్తుందో చూడటానికి అనుకుంటే, లోకాన్ని నడిపే చేతుల్ని నేల కింద దాచిన చోటికి వాణ్ని తీసుకుపోవడమేమిటి?

చీకట్లో దాటిపోయిన మూడింటి దగ్గరికి ఇప్పుడు వెనక్కి పోదాం.

నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీరా నదికి అడ్డంగా దాదాపు మూడు కిలోమీటర్ల రాతి కట్ట; దాని నెత్తి మీద పద్నాలుగడుగుల వెడల్పు బాట. కట్టించింది ఏడో నిజాం, నడిపించింది ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. నలభైకి పైగా ఊళ్లు ఖాళీ చేయించి ఆ నీటి కిందికి వదిలారు. కట్టిన రోజున దాదాపు 30 టీఎంసీలు పట్టే సాగరం ఒండ్రు మేట వేసి సగానికంటే కిందికి దిగిపోయింది. తర్వాత గేట్ల ఎత్తు పెంచితే ఇప్పుడు 17.8 టీఎంసీలు. ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు. ఈ అంకెలు పరీక్షకు బట్టీ పట్టేవి కావు. మా పల్లెల పేర్ల చివర "క్యాంపు" అన్న మాట ఎందుకుందో అడిగితే ఈ కాలువే జవాబు: నీళ్లొచ్చాయని తెలిసి కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు ఎడ్లబండ్లు, నాగళ్లతో తరలివచ్చి పొలాల్లోనే మకాం వేశారు. మకాం ఊరైంది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఎందుకొచ్చిందో అడిగితే ఈ కాలువే. అది ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ఎందుకు చెప్పుకునేవారో, 2015 డిసెంబరులో ఎందుకు మూతబడిందో అడిగితే మాత్రం కాలువతో పాటు ఇంకా చాలామంది జవాబు చెప్పాలి.

మా పిల్లల్లో మూడొంతులు ఈ కాలువ నీళ్లతో పండిన అన్నం తినేవాళ్లే. వాళ్లలో కట్ట ఎక్కినవాళ్లు ఎందరని ఒకసారి తొమ్మిదో తరగతిలో చేతులెత్తమన్నాను. లేచిన చేతులు ఆరు. హైదరాబాదు పార్కుకు పోయినవాళ్లు ఎందరంటే గది నిండా చేతులే.

పోచారం ఇంకా పాతది. మంజీరాలో కలిసే వాగు మీద 1922లో పూర్తయింది. (మా నియోజకవర్గంలో పోచారం అనే ఊరు వేరే ఉంది, బయటివాళ్లు రెంటినీ ఒకటి చేసి మాట్లాడుతుంటారు.) 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం చిల్లుపడ్డ రోజున, వందేళ్లు దాటిన ఆ కట్ట మీంచి నీళ్లు పొర్లి దూకుతుంటే కింది ఊళ్లన్నీ గుండెలు అరచేత పట్టుకుని కూర్చున్నాయి. కట్ట నిలబడింది. పార్కులో ఎత్తుమీంచి జారే బండెక్కి పెట్టే కేకల్ని నేను చిన్నచూపు చూడను, నేనూ పెట్టాను. కానీ ఆ కేకకు బెల్టుంది, బీమా ఉంది, మూడు నిమిషాల గడువుంది. డంగుసున్నం పట్టిన రాళ్లు వందేళ్ల తర్వాత కూడా ఒక రాత్రి నిలబడతాయా లేదా అని చూసిన మనిషికి కలిగేది వేరే. ఆ రాళ్లెవరు మోశారు, ఎట్లా పేర్చారు అన్న ప్రశ్న ఆ మర్నాడు పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టిన పిల్లవాణ్ని ఇంజనీరింగు కాలేజీకి ఎవరూ తోలనక్కర్లేదు.

మూడోది మెదక్ చర్చి. దీని గురించి రాయాలంటే నా చేయి వణుకుతుంది, నాలుగుసార్లు దాని పక్కనుంచి పోయి చూడనివాణ్ని కనుక. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే పాదిరీ కరువు కాలంలో ఆకలితో వచ్చిన జనానికి పని చూపించి, కూలీగా తిండి పెట్టి కట్టించాడు. 1914లో మొదలు, 1924 క్రిస్మస్ రోజున ప్రారంభం. గోపురం 173 అడుగులు. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. వాటిలో ఒక విశేషం ఉంది. వెనక దీపాలు లేవు. సూర్యుడు వెలిగిస్తేనే బొమ్మ కనబడుతుంది, పొద్దు గూకితే మాసిపోతుంది. మా బస్సు పోయేటప్పుడు చీకటి, తిరిగొచ్చేటప్పుడు చీకటి. నలభై ఎనిమిది మంది పిల్లలు ఆ కిటికీల పక్కనుంచి రెండుసార్లు పోయి, మధ్యలో పగలంతా అట్టముక్కల యూరప్ వీధిలో ఫొటోలు దిగి వచ్చారు. అందులో ఓ అట్ట చర్చి కూడా ఉంది. దాని ముందు గ్రూపు ఫొటో తీసింది నేనే.

ఇక్కడ అవతలి పక్షం లేచి నిలబడుతుంది, నిలబడాలి కూడా. "సారూ, కబుర్లు బాగున్నయ్. మీ సాగర్ కట్ట మీద ఆడపిల్లలకు బాత్రూమ్ ఉందా? తాగనీకి నీళ్లున్నయా? పిల్లగాడు కాలుజారి పడితే ఎవరు జిమ్మేదారు? పార్కులో గార్డుంటడు, నర్సుంటది. అందుకే పోతం."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకోలు ఉంది. మా ఊరి తల్లులు కూతుళ్లను పార్కు టూరుకు ధైర్యంగా పంపుతారు, సాగర్‌కంటే వద్దంటారు. కారణం రైడ్లు కాదు. అందుకే నేను చెప్పేదేమిటంటే, పార్కు నుంచి మనం అరువు తెచ్చుకోవలసిన వస్తువేదో దాన్ని వదిలేసి, అక్కర్లేనిదాన్ని తెస్తున్నాం. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి, కట్టకు గట్టి కంచె, ఏది ఎక్కడుందో చెప్పే బోర్డు, ముసలివాళ్లు కూర్చోడానికి నీడ. ఇవి థీమ్ పార్కుల నిజమైన విద్య. వీటిని నకలు కొట్టండి, ఎవడు కాదంటాడు? కానీ పర్యాటక కేంద్రం చేస్తామన్న ప్రతి మాటలోనూ ముందు వినబడేది గాజు వంతెన, గుండె బొమ్మ పెట్టిన సెల్ఫీ పాయింటు. నిజాం కాలపు అతిథి గృహాలు కూలిపోతుంటే వాటి పక్కన సిమెంటు జిరాఫీ లేస్తుంది. జిరాఫీకి పైసలు దొరుకుతాయి, దొడ్డికి దొరకవు.

"పిల్లలు ఆనందించొద్దా?" అన్నది రెండో ప్రశ్న. ఆనందం మీద నాకు పగ లేదు. రంగులరాట్నం జాతరకు వచ్చిన రోజున మా తరం కూడా బడి ఎగ్గొట్టింది. రంగులరాట్నం జాతరలో ఒక మూల ఉండేది. మిగతా మూడు మూలలా దేవుడు, అంగడి, చుట్టాలు. రాట్నం దిగితే మేనత్త కనబడేది, చేతిలో చెరుకు ముక్క పెట్టేది. ఆ మూడు మూలలూ తీసేసి రాట్నాన్ని వెయ్యి రెట్లు పెంచి గోడ కడితే వచ్చేది పార్కు. ఒకరోజుకు బాగుంటుంది. ప్రతి ఊరినీ ఆ కొలతతో కోసుకురమ్మంటేనే తగవు.

"ఉద్యోగాలొస్తయ్" అన్నది మూడోది. వస్తాయి, గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడే ఉద్యోగాలు. కాలువ మీద తూములు చూసే లష్కర్ల ఖాళీలు ముందు నింపితే, నీళ్లూ సక్రమంగా పారతాయి, చూడవచ్చినవాళ్లకు కథ చెప్పే మనుషులూ దొరుకుతారు. సాగర్ గురించి నాకు తెలిసినదంతా ఒక లష్కర్ చెప్పినదే. ఏ గైడూ ఆయన కాలిగోటికి చాలడు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. 2021 ఏప్రిల్‌లో, నడి ఎండాకాలంలో, కాళేశ్వరం ఎత్తిపోతల గోదావరి నీటిని కొండపోచమ్మ సాగర్ దిక్కు నుంచి హల్దీ వాగులోకి వదిలారు. ఆ వాగు మంజీరాలో కలుస్తుంది, మంజీరా నిజాంసాగర్‌లోకి వస్తుంది. ఇప్పుడు పటం చూడండి. బీడు జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీరా 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలవాలి. అట్లాంటిది గోదావరే గుట్టలెక్కి, చుట్టు తిరిగి, వెనకనుంచి వచ్చి మంజీరా ఒడిలో పడింది. ఆ నీళ్లు మళ్లీ కందకుర్తిలో తమ తల్లినే కలుస్తాయి. దాని కరెంటు బిల్లెంత, ఆ ప్రాజెక్టు తర్వాత ఏమైంది అన్నవి పెద్ద తగవులు. వాటినీ పిల్లలకు చెప్పాలి, దాచకూడదు. ఎండిన వాగులో ఏప్రిల్ నెలలో నీటి మొన ఇసుక మీద నురగలు కక్కుతూ పాకి రావడం చూసినవాళ్లు మా దిక్కున ఉన్నారు. ముసలివాళ్లు పసుపు కుంకుమలు చల్లారు. ఆ రోజు ఏ బడీ అక్కడికి బస్సు వేయలేదు. అప్పుడు కరోనా కదా అంటారు. మిగిలిన ఏళ్లలో ఏ రోగముందో చెప్పండి.

ఇంకో లెక్క కూడా ఉంది, నాకు మింగుడుపడనిది. 1960ల నుంచి హైదరాబాదు మంజీరా నీళ్లు తాగుతోంది. ఎగువన మంజీరా మీద సింగూరు ప్రాజెక్టు కట్టాక పైనే ఆగిపోయే నీళ్లు పెరిగాయి. మా సాగర్ నిండటం ఏళ్ల తరబడి ఎదురుచూపైంది. బీర్కూర్ ఒడ్డున మంజీరా ఇసుక లారీలకెక్కి పట్నం పోతుంది; రాత్రిపూట ఆ లారీల రొదకు మా కిటికీలు వణుకుతాయి. మా చిన్నప్పుడు కాళ్ల మీద తడి ఇసుక కప్పి, మెల్లగా పాదం లాగి పిచ్చుకగూళ్లు కట్టిన చోట ఇప్పుడు నిలువెత్తు గుంతలు. నీళ్లు పోయాయి, ఇసుక పోయింది. వాటి బదులు మా పిల్లలు తలకింత చొప్పున చందా పోగేసి, నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు పోయి, సిమెంటు తొట్టిలో మోటారు కొట్టే అలలను చూసి వస్తున్నారు. పైగా వాళ్లకు మనం చెప్పేది, "మన దగ్గర ఏమున్నది?"

ఉన్నదాన్ని చూడటానికి ఓపిక కావాలి, అదీ నిజమే. పార్కుకు రుతువులు లేవు. ఏ రోజు పోయినా అదే కోట, అదే పాట, అదే పది నిమిషాలకొకసారి పేలే అగ్నిపర్వతం. సాగర్ అట్లా కాదు. 2015లో, 2016 వేసవిలో అది పగుళ్లిచ్చిన నేల. అదే 2016 సెప్టెంబరు ఆఖరున పైనుంచి వరద వచ్చి గేట్లెత్తారని తెలిస్తే, బాన్సువాడ నుంచి, బిచ్కుంద నుంచి, నారాయణఖేడ్ నుంచి బైకుల మీద, ట్రాక్టర్ల మీద జనం. పొలాలు ఎండబెట్టుకున్న మనుషులు నీళ్లను చూసి చేతులు జోడించారు. ఆ మొహాల మీద కనబడినదాన్ని ఏ పార్కులో, ఎంత టికెట్టుకు చూపిస్తారు? ముందు ఏడాది ఎండు నేల చూడనివాడికి ఆ ఏడాది నీళ్లు సగమే కనబడతాయి.

మొన్నటి వానాకాలం నేను కట్ట మీదుండగా ఒక కారు వచ్చి ఆగింది. పట్నం బండి. కళ్లద్దాలు పెట్టుకున్న తండ్రి, ఫోను పట్టుకున్న తల్లి, వెనక ఇద్దరు పిల్లలు. గేట్లు మూసే ఉన్నాయి, సాగర్ సగానికి పైన నిండి కదలకుండా ఉంది. తండ్రి గడియారం చూసుకుని, తూము దగ్గర బీడీ కాలుస్తున్న లష్కర్‌ను అడిగాడు.

"అన్నా, గేట్లు ఎన్ని గంటలకు ఎత్తుతారు?"

లష్కర్ బీడీ ఆర్పి, కాసేపు పడమటి మబ్బు దిక్కు చూశాడు.

"సింగూరు నిండాలె సార్. దానికంటె ముందు బీదర్ దిక్కు కొట్టాలె."

తండ్రికి అర్థం కాలేదు. కారు తిప్పుకోబోయాడు. వెనక సీట్లోంచి చిన్నది తల బయట పెట్టి, "బీదర్ ఎక్కడ?" అంది.

లష్కర్ వేలు చూపించి చెప్పడం మొదలుపెట్టాడు. కారు ఇంజను ఇంకా ఆగలేదు.